వణికిన ముంత

మా అన్న కొడుకు కల్లు తాగడు. తనంతట తాను ఎన్నడూ తాగలేదు. కోరుట్లలో మావాళ్ళకు తెలిసింది వేరే. అది నా నోటి నుంచే తెలిసింది.

మాది కల్లు గీసిన కుటుంబం. నేను చెట్టెక్కలేదు గాని పెళ్ళికి ముందు కల్లు దుకాణంలో కూర్చున్నాను. పైపులు, మోటర్ల షాపు తర్వాతి సంగతి. మత్తుమందు కలిపిన కల్లుకు మరిగినవాళ్ళను రోజూ చూసినవాణ్ణి. ఒక పూట అందకపోతే వాళ్ళ చేతులు వణికేవి, చెమటలు పోసేవి, నిద్ర పట్టేది కాదు. చెయ్యి చూస్తే మనిషి సంగతి చెప్పగలనని నాకో గర్వం.

వదిన పోయాక అన్న గల్ఫ్‌లోనే ఉండిపోయాడు. పిల్లవాడు జగిత్యాలలో డిగ్రీ చదివి, సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే పనిలో చేరాడు. ఆ షెడ్డు చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు, అంతా సైగలే. సాయంత్రం రూములో ఒక్కడే. అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసేవాడు.

"కాకా, ఏం జేస్తున్నవ్?"

"గిరాకి ఉన్నదిరా. మల్ల జేస్త."

మళ్ళీ చేసేవాణ్ణి కాదు. "కడుపుల ఒక తీరుగ ఐతున్నది కాకా, తిన్నది ఉంటలేదు" అని ఒకసారి అన్నాడు. హోటల్ తిండి మానుకొమ్మని చెప్పి పెట్టేశాను.

ఎల్లమ్మ పండుగనాడు మావాళ్ళలో ఇంటికొక మగవాడు అమ్మవారి గద్దె ముందు కల్లు సాక పోస్తాడు, అంటే ముంతతో నేల మీద ధార వదులుతాడు. అన్న లేడు కనుక ఆ ఇంటి ముంత వాడి చేతికి వచ్చింది. అందరూ చూస్తుండగా ముంత వణికింది. కల్లు గద్దె ముందు పడకుండా పక్కనున్న పెద్దాయన కాళ్ళ మీద పడింది.

"కాళ్ళు గడుగుతున్నడు, నీకు పిల్లనిస్తడేమో పెద్దయ్యా!" అన్నారు ఎవరో. అక్కడితో అయిపోయేది.

"ఏందిరా, సిరిసిల్లల కల్లు బందైందా?" అన్నాను నేను, గట్టిగా.

జనం గొల్లుమన్నారు.

"నేను తాగ కాకా."

"అందరు గదే అంటరు. నీ చెయ్యే చెప్తున్నది. ఇంత తాగు, వణుకు గదే పోతది."

వణికేవాడికి ఒక గ్లాసు పోసి నిలబెట్టడం దుకాణంలో నేను నేర్చిన వైద్యం. వాడు పెద్దవాడి మాట కాదనలేక తాగాడు. గుడి వెనక్కి పోయి కక్కాడు. దాన్నీ నేను రుజువు కిందే తీసుకున్నాను. అదే రోజు అన్నకు ఫోన్ చేశాను.

"నీ కొడుకు కల్లుకు మరిగిండే అన్నా. నేను సూస్కుంట తియ్యి."

ఆ మాట చెబుతుంటే నాకు కొంచెం సంతోషంగా కూడా ఉండింది. అది దాచి మిగతాదంతా రాస్తే ఇదీ అబద్ధమే అవుతుంది.

వానాకాలంలో షెడ్డు యజమాని ఫోన్ చేశాడు. పిల్లవాడు ఛాతీ పట్టుకుని సాంచా పక్కన కూలబడ్డాడట. జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయాను. గుండెకు ఏమీ లేదన్నారు. డాక్టరమ్మ వాణ్ణి ఏదో అడగబోతుంటే నేను ఆగలేక, "కల్లు బంద్ చేసినట్టున్నడు మేడం" అన్నాను.

"ఆయనను చెప్పనివ్వండి" అందామె. "రోజూ ఎవరితోని మాట్లాడతవు బాబూ?"

వాడు చేతిలోని ఫోన్ వైపు చూశాడు.

"శుక్రారం బాపు ఫోన్ జేస్తుండె మేడం. ఇప్పుడు జేస్తలేడు."

ఆమె నావైపు తిరిగింది. "ఇది కల్లు కాదండి. చెప్పుకునే మనిషి లేక దిగులు లోపలే ఉండిపోతే ఒళ్ళు ఇట్లనే తిరగబడుతది. దడ, వణుకు, కడుపు చెడుడు, అన్ని అందుకే."

వాళ్ళ బాపు, అంటే మా అన్న, ఎందుకు మానేశాడో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. మందుల చీటీ అందుకుని లేచాను. కోరుట్ల బస్సులో వాడే అడిగాడు.

"బాపుకు నువ్వు జెప్తవా కాకా? నేను జెప్తే నమ్ముతలేడు."

"చెప్తరా."

చెప్పడానికి నాకు బతుకమ్మ దాకా పట్టింది. అన్నాళ్ళూ శుక్రవారాలు వాడి ఫోన్ మోగలేదు. నేను చెప్పింది విని అన్న ఒక్క మాట కూడా తిట్టలేదు, ఫోన్ పెట్టేశాడు. ఇప్పుడు ప్రతి శుక్రవారం కొడుకుకు చేస్తాడు. నాకు చేయడు.

ఈ ఏడు ఎల్లమ్మ దగ్గర, సాకకు ముందు నిలబడి చెప్పాను. "పోయినేడు నేనన్నది తప్పు. పిలగాడు తాగడు. నేను తాపిన గ్లాసు తప్ప ఎన్నడు తాగలే."

"గదెప్పటి ముచ్చట! నవ్వులాటకంటివి, తియ్యి" అన్నారు. ఒక ముసలాయన మాత్రం వదల్లేదు. "మరెందుకు వణికెరా పిలగాడు?"

పిల్లవాడే చెప్పాడు.

"మాట్లాడెటోళ్ళు లేకుండె తాతా."

ఎవరూ నవ్వలేదు. వాడు ముంత అందుకున్నాడు. ఇప్పటికీ కొద్దిగా వణుకుతోంది. పట్టుకుందామని చెయ్యి చాపాను.

"ఉండనీ కాకా. నేనే పోస్త."

కొంచెం ఒలికింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.