కళ్ళకు కంతల్లేని టోపీ

నా చిన్నప్పుడు ఈపూరు పక్కన మా ఊళ్ళో రెండు పార్టీలుండేవి. మాది ఒకటి, ఎదురింటి వాళ్ళది ఇంకొకటి. పంచాయతీ ఎన్నికలయ్యాక రెండిళ్ళకూ మాటల్లేకుండా పోయాయి. ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళరు, ఆఖరికి ఒకే టీకొట్టులో కూర్చోరు. ఎదురింటి పిల్లా నేనూ నాలుగో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఇక ఆ పిల్లతో మాట్లాడితే కాళ్ళు విరగ్గొడతానన్నాడు మా నాన్న. మా పార్టీ ఆడపిల్లలు క్లాసులో ఇంకెవరూ లేరు. ఐదో తరగతంతా ఒక్కదాన్నే కూర్చున్నాను, ఒక్కదాన్నే అన్నం తిన్నాను.

ఒకరోజు ఆ పిల్ల ఉండబట్టలేక దోసిట్లో రేగుపళ్ళు పట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చింది. నాకు ఏడుపొచ్చేంత సంతోషమైంది. కానీ అరుగు మీద మా బాబాయిలున్నారు. వాళ్ళు చూస్తున్నారని ఆ చేతుల మీద ఒక్కటేశాను. పళ్ళు మట్టిపాలయ్యాయి. మా పిల్లకు పౌరుషం ఎక్కువని బాబాయిలు మురిసిపోయారు.

మా తాతయ్య మాత్రం నవ్వలేదు. ఆయన బళ్ళో చరిత్ర చెప్పి రిటైరైన మాష్టారు. నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, పెద్ద సత్తు గిన్నె నెత్తిన బోర్లించాడు. అది గడ్డం దాకా దిగింది. చేతికి కర్రిచ్చి, "కొట్టవే, ఎదురుంగనే ఉన్నా" అన్నాడు. ఆటేమో అనుకుని తిప్పి తిప్పి కొట్టాను. ఒక్క దెబ్బా దేనికీ తగల్లేదు. లోపలంతా చీకటి, నా ఊపిరి చప్పుడే నాకు వినిపిస్తోంది. భయమేసి తాతయ్యా అని అరిచాను.

గిన్నె తీసి చెప్పాడు. పూర్వం రోము నగరంలో కొందరికి కళ్ళకు కంతల్లేని ఇనప టోపీ పెట్టి కత్తులతో పోట్లాడమనేవారట. వాళ్ళను అండబాట అనేవారట. ఎవణ్ణి నరుకుతున్నాడో నరికేవాడికి తెలియదు, చుట్టూ కూర్చున్న జనానికి మాత్రం నవ్వులాట.

"ఆ పిల్ల నిన్నేం జేసిందే?" అనడిగాడు.

మర్నాడు ధైర్యం చేసి ఎదురింటికి వెళ్ళాను. "కొట్టింది చాల్లా? ఇంకేందే నీకు మా ఇంట్లో?" అని వాళ్ళమ్మ తలుపేసింది. ఎండాకాలం సెలవులయ్యాక ఆ పిల్లను మాచర్లలో హాస్టల్లో చేర్చారు. మళ్ళీ మేం మాట్లాడుకోలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఫలానా వాళ్ళతో మాట్లాడొద్దని ఎవరు చెప్పినా, వాళ్ళు నాకేం చేశారని అడుగుతాను. అందుకే రెండు పార్టీలకూ కానిదాన్నయ్యాను. పెళ్ళిళ్ళలో నా పక్క కుర్చీలో ఎవరూ కూర్చోరు. బాధగానే ఉంటుంది, లేదని అనను. ఆ పిల్ల నాకేమీ చెయ్యలేదు. ఈ మాట ఇన్నేళ్ళలో ఊరంతటికీ చెప్పాను, ఆ పిల్లకు తప్ప.