ఏడో చిల్లు

వీధిలో ఆవిణ్ని ఆకులమ్మ అనేవారు. ముప్పై ఏళ్లుగా మొక్కల ఆఫీసులో బొమ్మలు గీసే ఉద్యోగం. పురుగు కొరికిన ఆకును కొరికినట్టే గీసేది. “కాస్త అందంగా సర్దమ్మా” అన్న అధికారికి, “ఆ ముక్క పెళ్లి ఫోటోలవాడికి చెప్పండి” అని జవాబిచ్చింది. చిన్నప్పుడు గోడ మీద జామకొమ్మ గీసిందని, సొంత అన్నే ఆమె తలను అదే గోడకేసి కొట్టాడు. కనుబొమ మీద మచ్చ ఇంకా పోలేదు. చెయ్యి చేసుకోవడం ఆ మహానుభావుడికి వెన్నతో పెట్టిన విద్య.

ఆ అన్నకిప్పుడు కలప అడితి ఉంది. దాని గేటుకు అడ్డంగా పెద్ద చెట్టు, లారీ తిరగదు. పచ్చని చెట్టు కొడితే నేరం, ఎండితే కొట్టుకోవచ్చు. చిత్రంగా ఆ చెట్టు ఎండడం మొదలెట్టింది. బొమ్మ గీసి చూపమని పట్టణ అధికారి ఆకులమ్మను పంపాడు. మూడు రోజులు చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని చూసింది. మైనంతో పూడ్చి, పైన బెరడు పొడి అద్దిన చిల్లులు ఆరు. ఆరూ గీసింది.

ఆ మధ్యాహ్నమే అన్న ఇంటికొచ్చాడు.

“పురుగు తొలిచిందని రాయవే.”

“పురుగు కొలత పెట్టుకుని తొలవదన్నయ్యా. ఆరూ ఒకే సైజు. యాసిడ్ కంపు కూడా.”

“తోడబుట్టినవాణ్ని జైలుకి పంపిస్తావా?”

“ఉన్నది గీశాను. అంతే.”

అతను బొమ్మను నాలుగు ముక్కలు చేశాడు. అంతటితో ఆగితే అతనెందుకవుతాడు! ఆమె కుడిచేతిని బల్లకు అదిమిపెట్టి, కాగితాల మీది ఇనుప దిమ్మతో మూడు దెబ్బలు వేశాడు. వేళ్లు విరిగిన చప్పుడు ఆమెకు వినబడింది.

“ఇప్పుడు గియ్యి” అని వెళ్లి, పొద్దు గూకేలోగా చిల్లులున్న మేరంతా గొడ్డలితో చెక్కేశాడు.

ఆకులమ్మ ఏడ్చింది, నొప్పికి కొంత, కోపానికి ఎక్కువ. కట్టు కట్టించుకొచ్చి, పెన్సిలు ఎడమచేత్తో పట్టుకుంది.

మర్నాడు పొద్దున్న చెట్టు దగ్గర అన్న, పట్టణ అధికారికి నచ్చజెబుతున్నాడు. “చిల్లులూ లేవు, గిల్లులూ లేవు సార్. పురుగు పట్టిన చోటు చెక్కించానంతే.”

ఆకులమ్మ కాగితం అందించింది. గీతలు వంకరటింకరగా ఉన్నాయి. చిల్లులు మాత్రం వరసగా ఏడు. అన్న తొంగిచూసి, వేలితో లెక్కపెట్టి, పకపకా నవ్వాడు.

“దీన్నా సార్ మీరు నమ్మేది? ఏడెక్కడివి? వేసింది ఆరేగా!”

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. అధికారి తలెత్తి చూశాడు. అన్నకు సంగతి తెలిసొచ్చి, గొడ్డలి అందుకుని చెల్లెలి మీదికి దూకాడు. అధికారి వెంట వచ్చిన జవాన్లిద్దరూ అతణ్ని బోర్లా పడేసి చేతులు వెనక్కి విరిచారు. ముక్కు పగిలి, చెక్కిన బెరడు పేళ్ల మీద నెత్తురు కారింది.

ఆకులమ్మ చూపు తిప్పుకోలేదు. చిన్నప్పటి గోడ గుర్తొచ్చింది. జాలి మాత్రం రాలేదు.

“ఆ కాగితం ఒక్కసారి ఇటివ్వండి” అని తీసుకుని, ఏడో చిల్లును రబ్బరుతో చెరిపేసింది. ముప్పై ఏళ్లలో ఆవిడ లేనిది గీసింది అదొక్కటే.