బామ్ని పికప్ క్యాబిన్‌లోకి వచ్చిన పొగ

సిరోంచ గ్యారేజీలో నేను హెల్పర్‌గా చేరి, బండ్లు బాగుచేసే మిస్త్రీనై, చివరి ఆరేళ్లు హెడ్ మిస్త్రీగా పనిచేశాను. ఇది హెడ్ మిస్త్రీ అయిన రెండో ఏడు, వరికోతలు మొదలైన రోజుల్లో జరిగింది.

బామ్ని ఊరి రాజయ్యకు ఒక పాత డీజిల్ పికప్ ఉండేది. వారానికొకసారి కూరగాయలు వేసుకొని అహేరి సంతకు పోయేవాడు. అమ్మేది అతని భార్య లక్ష్మి. బేరంలో ఆమెను గెలిచినవాణ్ని నేను చూడలేదు. ఆ నెలలో రెండు సంతలకు పోయినప్పుడు క్యాబిన్‌లోకి పొగ వచ్చి, ఆమె తల తిరిగి వాంతులు చేసుకుంది. రెండోసారి బండి దిగి సంతలోనే పడిపోయింది. ఇంట్లో అత్త తేల్చి చెప్పింది: పొగ పోకపోతే కోడలు బండెక్కదు, ఇంకెవరినైనా పంపండి. లక్ష్మికి అది మింగుడుపడలేదు. సంతలో ఆ జాగా ఆమె సంపాదించుకున్నది.

మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసే గ్యారేజీకి వచ్చారు. నేను బండి కిందికి దూరి చూస్తే, సైలెన్సర్ పైపు అతుకు చుట్టూ పిడికెడు మందాన పుట్టమన్ను మెత్తి ఉంది. మట్టిలో ఊక కూడా కలిపారు.

"ఇదేంది రాజయ్య? బండికి పొయ్యి వెట్టినవా?" అన్నాను.

"నేనే మెత్తిన కాక," అంది లక్ష్మి. "మా పొయ్యి పగిలితే గిట్లనే మెత్తుతం. రెండేండ్లయినా కదలది."

"పొయ్యి గుంతల రోడ్డు మీద ఉరుకుతదా బిడ్డా?"

మట్టి అంతా కొట్టేశాను. అతుకు దగ్గర ఇనుమును తుప్పు తినేసింది. ఆ ముక్క కోసి కొత్త పైపు వెల్డింగ్ చేసి, ప్యాకింగ్ మార్చాను. రెండు ఇనుప అంచుల మధ్య పొగ తప్పించుకోకుండా పెట్టేదాన్ని ప్యాకింగ్ అంటాం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, పైపు చివర తడిబట్ట ఒక్క క్షణం అదిమి పట్టాను. పొగకు దారి మూసేస్తే, ఎక్కడ సందు ఉంటే అక్కడ సుయ్యిమని అరుస్తుంది. కింద ఎక్కడా చప్పుడు లేదు. అయిపోయింది, పొమ్మన్నాను.

మరుసటి సంత అయిన తెల్లారి మళ్లీ వచ్చారు. లక్ష్మి మొహం పీక్కుపోయి ఉంది. అత్త ఈసారి ఒక్కటే మాట అన్నదట: వచ్చే సంతకు మరిది పోతాడు.

నాకు కోపం వచ్చింది. చేసిన పని తప్పని ఎదురుగా నిలబెడితే ఏ మిస్త్రీకైనా వస్తుంది. నీకు బండి పడదు, వాంతుల గోలీ వేసుకో అన్నాను.

"బస్సుల పోతె ఏం గాది కాక. ఈ బండ్లనే అయితది," అంది ఆమె.

"మరి రాజయ్యకెందుకు గాలేదు?"

"ఆయన మోచెయ్యి ఎప్పుడు బైటనే ఉంటది. నా దిక్కు అద్దం కిందికి దిగది."

కింది అతుకు నేనే మూసి చూశాను, ఆమె అద్దమూ మూసే ఉంటుంది. పొగ కింది నుంచి కాదు, ఇంజిన్ గదిలోంచి, క్యాబిన్‌కు గాలి వచ్చే జాలీ గుండా వస్తోందన్నమాట. కానీ అక్కడ ఇంజిన్ మోతలో సన్నని చప్పుడు వినబడదు. అతుకులేమో పది ఉంటాయి. ఒక్కొక్కటి విప్పాలా అని చూస్తుంటే లక్ష్మే చెప్పింది.

"కొత్త పొయ్యికి సందు దొరకకపోతె పల్చగ అలుకుతం. పొగ వొచ్చే కాడ తడిమట్టి బుడగలు వొడుస్తది. నువ్వు తిట్టిన మట్టే, జర తెప్పియ్యి."

గ్యారేజీలో ఉన్నవాళ్లు నవ్వారు. నేను మట్టి తెప్పించాను. బండిని ఆరుబయటికి తోయించాం. చల్లటి ఇంజిన్ అతుకులన్నిటికీ ఆమె చేత్తోనే పల్చగా పూసింది. స్టార్ట్ చేసి నిమిషం కాలేదు, ఇంజిన్ వెనకవైపు, జాలీకి జానెడు దూరంలో మట్టి బుడబుడమని పొంగి, వెంటనే నల్లబడింది.

అది ఈజీఆర్ వాల్వు చోటు. కాలిన పొగలో కొంచెం మళ్లీ ఇంజిన్‌లోకి పంపి, బయటికి పోయే విషం తగ్గించే సామాను. మసి పట్టి ఇరుక్కుంటే బండి లాగదు. శుభ్రం చేయడం పెద్ద పని కాబట్టి మా దిక్కు మిస్త్రీలందరం ఒక రేకు ముక్క అడ్డం పెట్టి దారి మూసేసేవాళ్లం. అడిగేది కూడా బండివాళ్లే.

విప్పాను. నూనెడబ్బా నుంచి కోసిన రేకు, వేడికి అంచు కాలిపోయి జల్లెడయింది. దాని మూలన మొనదేలిన పంచుతో కొట్టిన రెండు చుక్కలు. మా గ్యారేజీలో ప్రతి మిస్త్రీ తను కోసిన రేకుకు తన గుర్తు కొట్టాలి. రెండు చుక్కలు నావి. మూడేళ్ల కింద పెట్టి మరిచిపోయాను.

చుక్కలు వాళ్లకు తెలియవు. నేనే చెప్పాను.

రాజయ్య తల గోక్కున్నాడు. "బండి ఎత్తు ఎక్కుతలేదని నేనే మూపిచ్చిన గద కాక."

"ఇద్దరు గలిసి నా ముక్కుల పొగ వెట్టిన్రు," అంది లక్ష్మి.

ఈసారి అడ్డదారి తొక్కలేదు. వాల్వును డీజిల్‌లో నానబెట్టి, మసి గీకి, తేలిగ్గా ఆడేదాకా శుభ్రం చేశాను. దాన్ని ఆడించే సన్నని రబ్బరు పైపు తెగి వేలాడుతోంది, కొత్తది వేశాను. ప్యాకింగులు మంచిర్యాల నుంచి రావడానికి నాలుగు రోజులు పట్టింది. పొల్యూషన్ పరీక్షలో పాసైంది. అసలు పరీక్ష తర్వాత చేశాం. అద్దాలన్నీ ఎత్తి, లక్ష్మిని తన సీట్లోనే కూర్చోబెట్టి, నేను మధ్యలో కూర్చుని, బామ్ని దాకా పోయాం. ఆమె దిగి, గుమ్మంలో నిలబడ్డ అత్తతో "ఆకలైతుంది" అంది. అత్త ఆమె మొహం చూసింది, తర్వాత నన్ను చూసింది. "రేపు వంకాయలు తెంపాలె, పొద్దుగాల లేవు," అని లోపలికి పోయింది. ఆ వారం సంతకు లక్ష్మే పోయింది.

తర్వాత నేను రేకు పెట్టిన బండ్లన్నీ వెనక్కి పిలవాలనుకున్నాను. ఏ బండికి పెట్టానో కాగితం మీద లేదు, ఎందుకంటే నాకు రాయడం రాదు. గుర్తున్న ఏడు బండ్లు విప్పి బాగుచేశాను. గుర్తులేనివి ఎన్నో తెలియదు. ఆ ఏడే, యాభై నాలుగేళ్ల వయసులో, గ్యారేజీలో లెక్కలు రాసే మున్షీ దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. బండిలో ఏది మూసినా, ఏది తీసినా రాసి ఉంచాలి. పొగ ఎక్కడిదో తెలియనప్పుడు, మిస్త్రీ ముందు తన చేతిపనినే విప్పి చూడాలి.