రన్‌వే మీద దాళ్వా ధాన్యం

మా లారీలు రెండూ గేటు దాటి ఆగగానే మా సార్జెంటు కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. రన్‌వే బూడిద రంగులో ఉండాలి. ఎదురుగా ఉన్నది మాత్రం ఈ చివర నుంచి సగం దాకా బంగారు రంగులో మెరుస్తోంది.

"ఏంటది, ఇసుకా?" అని హిందీలో అడిగారు. ఆయనది హర్యానా. ఆయన మాటలన్నీ ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

పన్నెండు మందిలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. అందులోనూ కొవ్వూరువాణ్ణి. తల వంచుకుని "ధాన్యం సార్" అన్నాను. మిగతా పదిమందీ ఒక్కసారిగా నవ్వారు.

అది 1999 మే నెలాఖరు. కార్గిల్‌లో యుద్ధం నడుస్తోంది. నేను వైమానిక దళంలో పోలీసు విభాగం వాణ్ణి. గేటు దగ్గర నిలబడటం, కంచె వెంట తిరగటం, విమానం దిగేటప్పుడు రన్‌వే మీద పురుగు కూడా లేకుండా చూడటం మా పని. అవసరమైతే సరుకు విమానాలు దిగడానికి ఉంటుందని డెల్టాలోని ఈ పాత స్థావరానికి మమ్మల్ని కాపలాకు పంపారు. దేశమంతా సరిహద్దు వైపు కదులుతుంటే నాకు సొంత జిల్లా దొరికింది. మా అమ్మ దీన్ని దేవుడి దయ అంది. దళంలోని మావాళ్లు సెలవు మీద యుద్ధం చేస్తున్నావన్నారు.

ఆ స్థావరంలో విమానం దిగి చాలా ఏళ్లయింది. ఖాళీగా ఉన్న సిమెంటు నేలను మా డెల్టా రైతులు వదలరు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సార్వా, దాళ్వా రెండు పంటలకూ ధాన్యం అక్కడే ఆరబోసేవారు. గేటు దగ్గర ఉండే ముసలి వాచ్‌మన్ కూడా తన రెండెకరాల ధాన్యం అక్కడే పోశాడట.

సాయంత్రానికల్లా రన్‌వే ఖాళీ కావాలని సార్జెంటు చెప్పారు. ఆ మాట తెలుగులో చెప్పే పని నాదయింది. అందరూ గొణుక్కుంటూనే ఎత్తుకున్నారు. ఒకావిడ మాత్రం కదల్లేదు. యాభై ఏళ్లుంటాయి. నాలుగెకరాలు కౌలుకు చేస్తోంది. కాలువ నీళ్లు ఆలస్యంగా రావడంతో ఆవిడ కోత వెనకబడింది. ముందురోజే నూర్చి తెచ్చి పోసింది.

"మనది ఏ ఊరు బాబూ?" అంది పాదాలతో ధాన్యం తిరగేస్తూనే.

"మీదంటారా, నాదంటారా పిన్నిగారూ?"

"నీదేనయ్యా. నా ఊరు నాకు తెలీదేంటి?"

"కొవ్వూరండి."

"కొవ్వూరోడివై ఉండి పచ్చి ధాన్యం ఎత్తెయ్యమంటున్నావా? మీ ఇంట్లో అన్నం తినరా?"

"యుద్ధమండి. కార్గిల్లో."

"మరి నా ధాన్యం ఏం చేసిందంట కార్గిల్ని?"

ఆవిడ గుప్పెడు గింజలు తీసి నా చేతిలో పోసింది. చల్లగా, తడిగా ఉన్నాయి. "ఇవాళ్టితో కలిపి ఇంకా మూడు ఎండలు కావాలి. కుప్ప పెట్టానంటే లోపల వేడెక్కి మొలకలొచ్చేస్తాయి. మొలకొచ్చిన ధాన్యం మిల్లువాడు గుమ్మంలోకి కూడా రానివ్వడు. మా ఆయన మోకాలు పని చెయ్యక మంచంలో ఉన్నాడు. ఈ పంటంతా నేనొక్కదాన్నే చేశాను. ఆ పైన మీ ఇష్టమండి," అంది. అంతవరకూ 'నువ్వు' అన్న ఆవిడ చివర్లో 'అండి' అనేసరికి నాకు గుండెలో గుచ్చుకుంది.

ఇక్కడ నా చదువు గురించి చెప్పాలి. పదో తరగతితో బడి ఆగిపోయింది. మిగిలినదంతా కొవ్వూరు శాఖా గ్రంథాలయంలో చదువుకున్నాను. నదుల గురించి, నక్షత్రాల గురించి, రైలింజన్ల గురించి ఏ బీరువా తాళం తీస్తే ఆ బీరువా చదివేవాణ్ణి. సైన్యంలో చేరాక కూడా సెలవుకు వస్తే ఇంటికంటే ముందు అక్కడికే వెళ్లేవాణ్ణి. అందుకే సార్జెంటు నన్ను పేరుతో పిలవరు, మాస్టర్జీ అంటారు. అందులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో నేనెప్పుడూ తేల్చుకోలేదు.

కిందటి సెలవులో పక్షుల మీద ఒక లావుపాటి పుస్తకం చదివాను. అది గుర్తొచ్చి సార్జెంటు దగ్గరికి వెళ్లి అటెన్షన్‌లో నిలబడ్డాను.

"సార్, విమానానికి అసలు శత్రువు పక్షి. ఇంజనులో పావురం పడితే చాలు. తిండి ఎక్కడుంటే పక్షులు అక్కడ ఉంటాయి. రన్‌వే మీద రాలిన గింజలు ఊడ్చేసి, ధాన్యం కంచె బయట ఉన్న పాత గుండ్రటి సిమెంటు చప్టా మీద పోయిస్తే పక్షులన్నీ అక్కడికే పోతాయి. మన రన్‌వే ఖాళీగా ఉంటుంది. నేను పుస్తకంలో చదివాను సార్."

ఆయన మళ్లీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "పుస్తకం నిజమైతే నీకు చాయ్. అబద్ధమైతే ఆ ధాన్యం అప్పటికప్పుడు ఎత్తిస్తాను, ఎండినా ఎండకపోయినా. ఆమెకు ఈ మాట కూడా చెప్పు."

చెప్పాను. ఆవిడ కూలి మనుషుల్ని పిలిపించి చీకటి పడకముందే ధాన్యమంతా చప్టా మీదికి చేరవేసింది. రన్‌వేను మేమే ఊడ్చాం. తుపాకులు పట్టే చేతులతో చీపుర్లు పట్టి ఊడుస్తుంటే రైతులు గట్టు మీద కూర్చుని "ఆ మూల వదిలేశారండి" అని దారి చూపించారు.

మర్నాడు నా పుస్తకం గెలిచింది. పావురాలు, గోరింకలు, పిచ్చుకలు, చిలకలు అన్నీ చప్టా దగ్గరే. రన్‌వే మీద ఒక్కటీ లేదు. సార్జెంటు తన చేత్తో చాయ్ పోసిచ్చారు. నేను గుటకకోసారి పుస్తకం గురించి చెప్పాను. పాపం, ఆయన విన్నారు.

మూడో రోజు ఉదయం తొమ్మిదింటికి వైర్‌లెస్‌లో కబురొచ్చింది. పదకొండు గంటలకు సరుకు విమానం, అందులో పెద్ద ఆఫీసరు. నేను హుషారుగా రన్‌వే చూడటానికి వెళ్లాను. పావురాల గుంపు ఒకటి చప్టా మీద నుంచి లేచి, సరిగ్గా రన్‌వే మీదుగా, నా టోపీకి రెండు మూరల ఎత్తున ఎగిరి అవతలికి పోయింది. వెనకే గోరింకలు. కాసేపటికి అన్నీ అదే దారిలో తిరిగొచ్చాయి.

చప్టా దగ్గరికి పరిగెత్తాను. "పిన్నిగారూ, ఇవి అటెందుకు పోతున్నాయండి?"

"నీళ్లకి," అంది ఆవిడ. "అటు కాలవుంది కదా. నిన్న చప్టా పక్కన గుంటలో కాస్త తడి ఉండేది, ఎండకి ఇంకిపోయింది. అంత తిన్నాక నీళ్లు తాగవా? నువ్వు తాగవేంటి?"

పుస్తకంలో తిండి గుర్తుంది, నీళ్లు గుర్తులేవు. నా వెనకే వచ్చిన సార్జెంటుకు జరిగింది చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. "ఎత్తించు మాస్టర్జీ," అన్నారు.

ఆవిడకు హిందీ రాకపోయినా అర్థమైంది. వంగి ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరికింది. "మెత్తగానే ఉంది. ఈ ఒక్క ఎండా పడితే చాలు," అంది నాతో కాదు, గింజతో అన్నట్టు.

అప్పుడు నాకు కనిపించింది మా లారీ. దాని మీద ఆకుపచ్చ వల కప్పి ఉంది, పైనుంచి శత్రు విమానాలకు కనపడకుండా. వల కింద ఎండ మచ్చలు మచ్చలుగా పడుతోంది. ఎండ దిగుతుంది, పిట్ట దిగదు.

"సార్, ఆ వల ధాన్యం మీద కప్పితే? తిండి దొరక్కపోతే పిట్టలు వెళ్లిపోతాయి. నీళ్లకి తిరిగే పనీ ఉండదు."

"ఇది కూడా పుస్తకమేనా?"

"కాదు సార్."

"అయితే నమ్ముతాను," అన్నారాయన. లారీ వైపు చూసి, "నా లారీ కోసం శత్రువు గోదావరి దాకా రాడులే," అని వల విప్పమన్నారు.

ఆ వల ధాన్యంలో పావు వంతుకే సరిపోయింది. నేను సైకిలు తీసుకుని గోదావరి గట్టు కింద చేపలు పట్టేవాళ్ల పేటకు వెళ్లాను. పొద్దుటి వేట ముగించి వలలు ఆరేసుకుంటున్నారు. సంగతి చెబితే ఒక పెద్దాయన బీడీ ఆర్పి లేచాడు. "చేపలకి వేశాం, రొయ్యలకి వేశాం. ఇయ్యాళ ఆకాశానికి వేద్దాం పదండి," అన్నాడు. తడి వలలు భుజాన వేసుకుని పదిహేను మంది నా సైకిలు వెనక నడిచారు.

ఇటుకల మధ్య మోకాలెత్తు కర్రలు నిలబెట్టి, వాటి మీద వలలు పరిచి, అంచులకు ఇటుకలు పెట్టాం. మావాళ్లు, రైతులు, చేపలవాళ్లు కలిసి చేసిన పని. పంజాబు కుర్రాడొకడు తడి వల వాసనకు ముక్కు మూసుకుంటే పెద్దాయన "ఇంత వాసనకే ఇలా అయితే యుద్ధమేం చేస్తావయ్యా?" అన్నాడు. నేను తర్జుమా చెయ్యలేదు. పదిన్నరకు పావురాలు వల మీద రెండు చుట్లు తిరిగి, కొబ్బరి తోటల వైపు వెళ్లిపోయాయి. పదకొండుకు విమానం దిగింది. దారిలో ఒక్క రెక్క కూడా అడ్డం రాలేదు.

ఆఫీసరు దిగి నాలుగు వైపులా చూసి, చప్టా దగ్గర ఆగారు. ఆకుపచ్చ వల పక్కన చేపల వలలు, వాటి పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని మా పిన్నిగారు.

"ఏం దాచారు అక్కడ?" అని అడిగారు.

"రేషన్ సార్," అన్నారు సార్జెంటు రెప్ప వెయ్యకుండా.

ఆఫీసరు తల ఊపి ముందుకు నడిచారు.

సాయంత్రం నాలుగింటికి ఆవిడ వల కింద చెయ్యి పెట్టి ఒక గింజ తీసి కొరికింది. ఎండిన గింజ టక్కుమన్న చప్పుడు నాకూ వినిపించింది. మరొకటి నా చేతిలో, ఇంకొకటి సార్జెంటు చేతిలో పెట్టింది. ఆయన కొరికి, "ఏం వినాలి?" అని నన్నడిగారు. చీకటి పడకముందే బస్తాలు మిల్లుకు వెళ్లిపోయాయి.

తర్వాతి ఆదివారం అనుమతి తీసుకుని కొవ్వూరు వెళ్లి పక్షుల పుస్తకం తీశాను. నీళ్ల సంగతి ఉంది, రెండు పేజీల నిండా. గడువు తేదీ దగ్గరపడిందని నేను చదవకుండా తిప్పేసిన పేజీలు. తిరిగొచ్చి ఆ మాట పిన్నిగారికి చెప్పాను.

"పుస్తకంలో కూడా ఉందా?" అంది ఆవిడ, ఖాళీ చప్టా ఊడుస్తూ. "అయితే మంచి పుస్తకమేలే."