ప్రామాణిక దీపానికి పట్టిన హారతి

దుర్గాభవాని నాచారం పారిశ్రామికవాడలో కాంతి పరికరాలు తయారుచేసే ఒక సంస్థలో ఇంజనీరు; నివాసం చిల్కానగర్. ఒక్కొక్క కాంతి కణం కంపించే దిశ నిలువా, అడ్డమా అని చెప్పే పరికరాన్ని ఆమె స్వయంగా నిర్మించినది.

పరీక్షనాడు ప్రయోగశాల అధిపతి అచ్యుతరావు గారు పరికరాలను సరిచూసే సంస్థవారి ప్రామాణిక దీపాన్ని దాని ఎదుట వెలిగించారు. ఆ దీపపు కాంతి పూర్తిగా నిలువు దిశలోనిదని అందరి నమ్మకం. పరికరం మాత్రం నిలువనీ అడ్డమనీ కలగాపులగంగా చెప్పింది. దీపాన్ని శంకించే అలవాటు అక్కడ లేదు. అది అచ్యుతరావు గారు తెప్పించినది. ఏటా ఆయుధపూజలో తొలి హారతి దానికే. కావున దోషం పరికరానిదేనని నిర్ణయమైనది.

"నీ మిషను చూపు మసకమ్మా," అని ఆయన సిబ్బంది అందరి ఎదుట అన్నారు.

ఆమెను ప్యాకింగు విభాగానికి మార్చారు. సహోద్యోగి తిరుపతి మొదలు క్యాంటీను సాలమ్మ వరకు అందరికీ ఆమె 'మసక మేడం' అయినది. రానున్న దసరా శుభ్రతలో పరికరం తుక్కుకు పోవలసి ఉన్నది.

దుర్గాభవాని ఏడవలేదు, ఎవరినీ క్షమించనూ లేదు. భోజన విరామాలలో తన పరికరాన్ని, ఎట్టివో తనకే తెలియని కాంతులతో పరీక్షించసాగినది. టార్చిలైటు వెలుగును బాగా పలుచన చేసి, ఉప్పల్ చౌరస్తాలో కొన్న, ఒక దిశ కాంతినే పోనిచ్చే నల్ల కళ్లద్దాలను, మిఠాయి పొట్లాల పారదర్శకపు మెరుపు కాగితాలను అడ్డుపెట్టి, వాటిని తిప్పుతూ జవాబులు సేకరించినది. ఆమె వాదం సూటియైనది: పరికరపు చూపే మసకైతే ఏ కాంతి వేసినా జవాబు మసకగానే రావాలి. జవాబులను గ్రాఫుపై చుక్కలుగా పెట్టగా అవి రెండు కొసలనూ తాకినవి. కొన్ని కాంతులకు అంతా నిలువే, కొన్నింటికి అంతా అడ్డమే. పరికరం నిర్దోషి. ఇక మిగిలినది దీపమే.

ఆమె ఎవరికీ చెప్పక ఆయుధపూజ వరకు ఆగినది. సిబ్బంది అంతా చేరాక, అచ్యుతరావు గారు కర్పూరం వెలిగించబోగా, ఆ గ్రాఫును గోడకు అంటించి విషయం వివరించినది. ఆయన చదివి మెల్లగా అన్నారు:

"లోపల మాట్లాడుకుందాం, భవానీ."

"మీరు నన్ను లోపల అన్లేదు సర్. అందరి ముంగటనే అన్నరు. దీపం మూతి మీది ఫిల్మ్ మీ చేత్తోనే తియ్యుండ్రి."

ఆయన తీశారు. కాంతిని ఒకే దిశకు వడగట్టే ఆ పలుచని ప్లాస్టిక్ పొర, ఏటేటా దగ్గరగా పట్టిన హారతి వేడికి ముడతలుపడి ఉన్నది. తిరుపతి నవ్వు ఆపుకొనలేక పక్కకు తిరిగినాడు.

ఆమె హారతి పళ్లెం ఆయన చేతికిచ్చి తన పరికరాన్ని చూపినది.

"ఫస్టు దీనికి ఇయ్యుండ్రి సర్. జర దూరంకెల్లి."

ఆయన చేయి చాచి హారతి ఇచ్చారు. పరికరం తుక్కుకు పోలేదు. ఆమె తిరిగి ప్రయోగశాలకు వచ్చినది. ఆ ముడతల పొరకు అద్దపు చట్రం కట్టించి, అచ్యుతరావు గారి గది తలుపుకు ఎదురుగా తన బల్లపై నిలిపినది. దయచేసి తీసివేయమని ఆయన పలుమార్లు కోరారు. ఆమె ప్రతి ఉదయం దానిని తుడిచి, తిరిగి అదే చోట పెడుతున్నది.