పసుపు బొట్టు పెట్టిన బ్లూరే

మా వంశంలో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. ఈ సంగతి పెడనలో ఇంటింటికీ రెండేసి సార్లు చెప్పి ఉన్నాను కాబట్టి మీకు ఒక్కసారే చెబుతాను. ఆ డిగ్రీ తెచ్చిపెట్టిన పని ఇంకా గొప్పది. ఇంట్లో కూర్చుని ఇంగ్లీషు సినిమాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తాను. "అంటే బొమ్మ కింద పరిగెత్తే అక్షరాలా? అయ్యి ఎవరన్నా చదువుతారామ్మా?" అని పక్కింటి పిన్నిగారు ఎంతో అభిమానంగా అడిగారు. అలాంటి ప్రోత్సాహం లేకపోతే నేనింత దూరం వచ్చేదాన్ని కాదు.

ఈమధ్య నేను సబ్‌టైటిల్స్ రాసిన సూపర్‌హీరో సినిమా ఒకటి కలెక్టర్స్ ఎడిషన్‌గా విడుదలైంది. నాకూ ఒక కాపీ పంపారు. స్టీలు పెట్టె, లోపల బ్లూరే డిస్కు, దళసరి కాగితం మీద బొమ్మల పుస్తకం, బొటనవేలంత హీరో విగ్రహం. ఇన్ని కాపీల్లో మీది ఇన్నోది అని చెప్పే నంబరు కూడా ఉంది. సినిమా హాల్లో ఒకసారి చూసేసినవాళ్లు, మళ్లీ ఎప్పటికీ చూడకుండా అద్దాల బీరువాలో దాచుకోవడానికి కొనుక్కునే వస్తువన్నమాట. అమ్మ మూత తీసి, వేసి, మళ్లీ తీసి, "గట్టిదేనే. ఆవాలకి పనికొచ్చుద్ది" అంది.

నాకు ఆవాలతో పేచీ లేదు. నాకు కావలసింది ఒక్కటే. సినిమా చివర, అందరి పేర్లూ అయిపోయాక, 'తెలుగు అనువాదం' అంటూ ఇంటిపేరుతో సహా నా పేరు నాలుగు సెకన్లు తెర మీద పడుతుంది. అది నాన్న చూడాలి. ముప్ఫై ఏళ్లుగా ఆయన కలంకారీ గుడ్డల మీద చెక్క అచ్చులు కొడుతున్నాడు. ఆ గుడ్డలు దేశాలు తిరిగాయి, ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. రేషన్ కార్డునూ నా డిగ్రీ పట్టానూ పక్కన పెడితే, మా ఇంటిపేరు అచ్చయిన చోటు ఇదే మొదటిది.

అయితే డిస్కు ఆడించే మెషీను మా వీధిలో ఎవరికీ లేదు. బందరులో నాలుగు షాపులు తిరిగాను. "ఇంకా డిస్కులేంటమ్మా, ఫోన్లో రాదా?" అని నాలుగు చోట్లా ఒకే రకం జాలి చూపించారు. చివరికి గుడివాడలో మా మేనత్త కొడుకు దగ్గర డిస్కులు పట్టే వీడియో గేముల మెషీను ఉందని తెలిసింది. ఆదివారం అమ్మా నాన్నా నేనూ ప్యాసింజరెక్కాం. పెట్టె దారిపొడవునా నాన్న ఒళ్లోనే ఉంది.

బావ డిస్కు పెట్టాడు. మెషీను కాసేపు మూలిగి బయటికి కక్కేసింది. తీసి వెనక్కి తిప్పాడు. మెరిసే వైపు మూడు పసుపు బొట్లు, వాటి మధ్య కుంకుమ.

"మావయ్యా, దీనికేమన్నా పెళ్లిచూపులు పెట్టారా?"

"కొత్త అచ్చు కదరా. మొదటిసారి కొట్టేముందు బొట్టు పెట్టొద్దూ?" అన్నాడు నాన్న.

"పెడితే పెట్టారు. బొమ్మున్న వైపు పెట్టొచ్చుగా!"

"అది వీపురా. పని చేసేది మెరిసే వైపని మా అమ్మాయే చెప్పింది."

నిజమే, ముందురోజు అడక్కుండానే ఉపన్యాసం ఇచ్చాను. నాన్న చెక్క అచ్చు ఏది కొత్తగా వచ్చినా నూనెలో నానబెట్టి, మొదటి అద్దకానికి ముందు చెక్కిన ముఖానికే బొట్టు పెడతాడు. ఆయన లెక్కలో తప్పెక్కడుందో నా డిగ్రీకి ఇప్పటికీ అందలేదు.

బావ చొక్కా అంచు పట్టుకుని డిస్కును గుండ్రంగా రుద్దబోయాడు.

"ఆగెహె!" నాన్న గట్టిగా అరిచాడు. "చుట్టూ తిప్పి రుద్దితే గీతలు పడవూ? ఇటియ్యి."

అత్తనడిగి మెత్తటి పాత పంచె ముక్క తెప్పించుకున్నాడు. తడిపి, పిండి, మధ్యనుంచి అంచుకి, మళ్లీ మధ్యనుంచి అంచుకి, తొందర లేకుండా తుడిచాడు. అచ్చుల సందుల్లో ఎండిన రంగు తీసే చెయ్యి అది. ఈలోగా బావ ఫోన్లో వెతికి, "ఇట్టాగే తుడవాలంట" అన్నాడు, కాస్త నీరసంగా.

సినిమా మొదలైంది. నేను రాసిన ప్రతి మాటనూ నాన్న పెదాలు కదుపుతూ చదవబోయాడు. ఆయన చదివింది ఐదో తరగతి. "ఆ హీరోని కాస్త నిదానంగా మాట్లాడమనమ్మా" అన్నాడు. "ఊరంతా కూలగొట్టి కాపాడానంటాడేంటే వీడు!" అంది అత్త. రెండో ఊరు కూలేసరికి అమ్మ నిద్రపోయింది. మధ్యలో మూడుసార్లు బొమ్మ ఆగింది. ఆగిన ప్రతిసారీ నా గుండె కూడా తోడుగా ఆగింది.

కథ అయిపోగానే బావ రిమోట్ అందుకున్నాడు.

"కూర్చో అల్లుడూ. మనోళ్లింకా రాలేదు" అన్నాడు నాన్న.

పేర్లు మొదలయ్యాయి. డ్రైవర్లు, వడ్రంగులు, కుక్కలకు తర్ఫీదిచ్చినవాళ్లు. వంటవాళ్ల దగ్గర బొమ్మ మళ్లీ బిగుసుకుపోయింది. ఎవరో వంటమనిషి పేరు నిమిషంపాటు మా అందరినీ చూసింది. నా పేరు ఇక రాదనుకున్నాను. బొమ్మ మెల్లగా కదిలింది. అన్నీ వెళ్లిపోయి తెర నల్లబడ్డాక, అడుగున తెల్లగా, నేను.

బావ తన జీవితంలో మొదటి ఉపయోగకరమైన పని చేశాడు. అక్కడే ఆపాడు.

నాన్న లేచి టీవీ దగ్గరికి వెళ్లాడు. అక్షరాల కింద వేలు పెట్టి ముందు ఇంటిపేరు, తర్వాత నా పేరు కూడబలుక్కుని చదివాడు. రెండడుగులు వెనక్కి వేసి, ఆరేసిన గుడ్డను చూసినట్టు తల వంచి చూశాడు. పొగడ్తను మోయడానికి నేను ఒళ్లంతా సిద్ధం చేసుకుని నిలబడ్డాను.

"కొంచెం ఎడమకి జరిగింది" అన్నాడు.

"నాన్నా!"

"పర్లేదమ్మా. రంగు బాగా పట్టింది."

అత్త భోజనాలకు పిలిచింది. "తియ్యమాకు అల్లుడూ, ఉండనీ" అని నాన్న కంచం టీవీ ముందుకే తెచ్చుకున్నాడు. కాసేపు ముట్టుకోకపోతే మెషీను తెరను మసకబారుస్తుంది. ఏ బటన్ నొక్కాలో బావనడిగి తెలుసుకుని, మసకబారినప్పుడల్లా ఎడమచేత్తో నొక్కి వెలిగిస్తూ, ఆయన నిదానంగా అన్నం తిన్నాడు.