తొంభై నంబరు జెట్

ఫోన్ చేసింది తమ్ముడి భార్య మెర్సీ.

"బావగారూ, ఆయన ఒక మాట అడగమన్నారు. మీరప్పుడు కట్టిన రేసు బండి ఉన్నాది కదా, అలాటిది మళ్లీ కట్టగలరేటి? ఒక్కసారి దాని సౌండు ఇనాలంట."

డేవిడ్‌రాజు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. ముప్పై మూడేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ఆ బండి ఊసెత్తలేదు. ఎత్తకూడదని ఎవరూ చెప్పనూలేదు. అలా జరిగిపోయిందంతే.

డేవిడ్‌రాజుది నెల్లిమర్ల. జూట్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. తమ్ముడు ఇమ్మానుయేలు అతనికంటే ఏడేళ్లు చిన్న. కళింగపట్నంలో కాపురం, మిషన్ స్కూల్లో గుమాస్తా ఉద్యోగం. రెండేళ్లుగా కిడ్నీలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు శ్రీకాకుళం వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఈ మధ్య మనిషి బాగా తగ్గిపోయాడు.

"కడతానని సెప్పు," అన్నాడు డేవిడ్‌రాజు చివరికి.

వయసులో ఉన్నప్పుడు అన్నదమ్ములిద్దరికీ ఒకటే పిచ్చి. వంద సీసీ టూ స్ట్రోక్ బండి ఒకటి పాతది సంపాదించి, డేవిడ్‌రాజు దాన్ని రేసు బండిగా మార్చాడు. సిలిండర్‌లో పోర్టులనే లోపలి దారులు ఆకురాయితో అరగదీసి వెడల్పు చేశాడు. సైలెన్సర్ తీసేసి మధ్యలో పొట్ట ఉబ్బిన గొట్టం వెల్డింగ్ చేసి పెట్టాడు. నడిపేది ఇమ్మానుయేలు. చుట్టుపక్కల పోటీల్లో నాలుగు కప్పులు గెలిచారు. తొంభయ్యో సంవత్సరం జనవరిలో మద్రాసు అవతల విమానాల పాత రన్‌వే మీద పెద్ద పోటీకి వెళ్లారు. ముందురోజు ప్రాక్టీసులో ఆ బండి పరుగు చూసి ఒక టీము యజమాని డేవిడ్‌రాజు భుజం మీద చెయ్యేసి, "మా దగ్గరికి వచ్చెయ్, ఇంజన్లు నువ్వే చూసుకో," అన్నాడు.

మర్నాడు రేసులో మూడో చుట్టు దగ్గర ఇంజను పట్టేసింది. వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి ఇమ్మానుయేలు ఎగిరి పడ్డాడు. కుడి మోకాలు నుజ్జయింది. ఎన్ని ఆపరేషన్లు చేసినా కాలు రెండంగుళాలు పొట్టిగానే మిగిలింది.

ఇంజను విప్పి చూస్తే పిస్టన్ కరిగి సిలిండర్‌కు అతుక్కుపోయి ఉంది. పెట్రోలు చాలినంత అందలేదన్నమాట. కార్బొరేటరు మాత్రం దొరకలేదు. పడిపోయినప్పుడు ఊడిపోయి ఉంటుందన్నారు. అందులో పెట్రోలును కొలిచి వదిలే జెట్ బిగించింది డేవిడ్‌రాజే. లెక్క తనదే తప్పిందనుకున్నాడు. ఊళ్లో అందరూ అదే అనుకున్నారు.

వాళ్ల అమ్మ దేవమణి ఆసుపత్రి వరండాలో ఒకే ఒక మాట అంది. "నీ సేతుల్తో నీ తమ్ముడి కాలు తీసీసినావురా."

తర్వాత ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కాని ఇంట్లో సాయంత్రం ప్రార్థన చేసేటప్పుడు పిల్లల పేర్లు చెప్పి దీవించమని అడిగే అలవాటు ఆమెది. అప్పటి నుంచి ఇమ్మానుయేలు పేరు చెప్పేది, కోడళ్ల పేర్లు చెప్పేది, డేవిడ్‌రాజు పేరు దగ్గర ఆగి ముందుకు వెళ్లిపోయేది. పదకొండేళ్ల పాటు, చనిపోయేవరకూ అంతే. కళ్లు మూసుకుని మోకాళ్ల మీద ఉన్న డేవిడ్‌రాజు ప్రతిసారీ తన పేరు కోసం ఎదురుచూసేవాడు.

మద్రాసు నుంచి టీము వాళ్ల ఉత్తరాలు రెండు వచ్చాయి. జవాబు రాయలేదు. మిల్లులో చేరాడు. రేసు ఇంజను మళ్లీ ముట్టుకోలేదు.

ఇప్పుడు అరవై ఒకటో ఏట మళ్లీ ముట్టుకున్నాడు. బొబ్బిలిలో అసిరయ్య తుక్కు కొట్టుకు వెళ్తే, అతను మోకాలెత్తు ఇనప గుట్ట చూపించాడు.

"టూ స్ట్రోకులు ఎవులికి గావాల మావా ఇప్పుడు? ఎతుక్కో, నీ ఓపిక."

రెండు రోజులు వెతికితే ఇంజను కేసు రెండు ముక్కలూ దొరికాయి, వేర్వేరు బళ్లవి. ఛాసిస్ ఒక పాలవాడి బండిది. పిస్టన్ విజయనగరంలో ఒక పాత స్పేర్ పార్టుల కొట్టు అటక మీద, నూనె కాగితం కూడా విప్పకుండా పడి ఉంది. ట్యాంకు తనే రేకు కొట్టి చేసుకున్నాడు. కొలతలు రాసిపెట్టిన కాగితం ఎప్పుడో పోయింది. అయినా ఆకురాయి పట్టుకోగానే చెయ్యి ఆగాల్సిన చోట ఆగింది. భార్య రూబీ భోజనానికి మూడుసార్లు పిలిచేది.

"ముసలోడికి మళ్లీ పెళ్లి కళ వచ్చీసింది," అని నవ్వేది.

వారానికోసారి ఇమ్మానుయేలు ఫోన్ చేసేవాడు.

"పోర్టులు ఎంతెత్తుకి తీసినావు అన్నా?"

"అప్పుడెంతో అంతే."

"సిన్నగా ఈల ఏసినట్టు సౌండొచ్చేది, గేపకం ఉన్నాదా?"

"ఎందుకు నేదురా."

ముప్పై మూడేళ్లలో మాట్లాడుకోనంత ఆ ఆరు నెలల్లో మాట్లాడుకున్నారు. అయితే కార్బొరేటరు దొరకడం లేదని అన్నప్పుడల్లా ఇమ్మానుయేలు మాట మార్చేవాడు. "దొరుకుతాదిలే," అని వేరే సంగతి ఎత్తేవాడు.

ఆగస్టులో ఒకరోజు డేవిడ్‌రాజు తమ్ముణ్ణి చూడడానికి కళింగపట్నం వెళ్లాడు. డయాలసిస్ చేయించుకొచ్చి ఇమ్మానుయేలు నిద్రపోతున్నాడు. మెర్సీ ఆసుపత్రి కాగితాల కోసం ట్రంకు పెట్టె అడుగంతా తిరగేసి, పాత తుండుగుడ్డ మూట ఒకటి పైకి తీసింది.

"ఇదేటో బండి సామాను లాగున్నాది బావగారూ. మీకు పనికొస్తాదేమో సూడండి."

విప్పి చూడగానే డేవిడ్‌రాజు గుర్తుపట్టాడు. ఆ రేసు బండికి తను మద్రాసు నుంచి తెప్పించుకున్న కార్బొరేటరే. పోయిందనుకున్నది ఎవరికో దొరికి ఇస్తే తమ్ముడు ఇన్నాళ్లూ జ్ఞాపకంగా దాచుకున్నాడనుకుని అతని కళ్లు చెమర్చాయి. నిద్ర లేపకుండా తీసుకుని వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్న శుభ్రం చేద్దామని అడుగు గిన్నె విప్పాడు. లోపల జెట్, చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క, మధ్యలో సన్నటి బెజ్జం. ఆ బెజ్జం చిన్నదైతే పెట్రోలు తగ్గుతుంది, బండి వేగం అందుకుంటుంది, కాని ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. తను బిగించింది నూటపది నంబరు. గుర్తుగా తలమీద ఆకురాయితో అడ్డగీత కూడా పెట్టాడు. దీనిమీద గీత లేదు. కళ్లజోడు తుడుచుకుని వెలుతుర్లోకి వెళ్లి చదివాడు. తొంభై.

మొదట అర్థం కాలేదు. జెట్ మార్చినవాడే దాన్ని దాచాడని అర్థమయ్యాక అక్కడే గుమ్మంలో కూర్చున్నాడు. రూబీ వచ్చి అడిగితే ఇత్తడి ముక్క ఆమె చేతిలో పెట్టి సంగతి చెప్పాడు.

"అయితే తప్పు నీది కాదా?" అంది రూబీ. తర్వాత ఆమే ఏడ్చింది. "ఎల్లి అడుగు. ఇప్పుడే ఎల్లి అడుగు."

అతను వెళ్లలేదు. కొత్త నూటపది జెట్ తెప్పించి బిగించాడు. బండి పూర్తి చేశాడు. పదిహేను రోజుల తర్వాత వ్యాన్‌లో ఎక్కించి కళింగపట్నం తీసుకెళ్లాడు.

ఇమ్మానుయేలును కుర్చీతో సహా వాకిట్లోకి మోసుకొచ్చారు. డేవిడ్‌రాజు బండి తోసి, గేరు వేసి, స్టార్టు చేశాడు. ఆ చప్పుడుకు వీధిలో చేపలు ఆరబెట్టుకుంటున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. యాక్సిలరేటరు తిప్పేకొద్దీ ఆ మోత సన్నగా ఈల వేసినట్టు పైకి వెళ్లింది. ఇమ్మానుయేలు కళ్లు మూసుకుని విన్నాడు. ఎండిపోయిన వేళ్లు కుర్చీ చేతిమీద క్లచ్ నొక్కుతున్నట్టు కదిలాయి.

ఇంజను ఆపాక అతను కార్బొరేటరు వైపు చూశాడు. మెర్సీని లోపలికి వెళ్లమన్నాడు.

"సూసేవా అన్నా?"

"సూసేను."

"రేసు రోజు పొద్దున్న నువ్వు టీకి ఎల్లినప్పుడు జెట్టు మార్చీసినాను. మొదటొస్తే ఆ టీమోళ్లు నన్ను కూడా తీసుకుంటారనుకున్నాను. తర్వాత ఆసుపత్రిలో ఉండి, మనతోటి వచ్చిన గంగరాజు సేత కార్బొరేటరు ఊడదీయించి దాసీసినాను." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "సెప్దామనే అనుకున్నాను. అమ్మ నిన్ను ఆ మాట అన్నాక భయమేసింది. నువ్వు మద్రాసు ఎల్లకుండా ఉండిపోయినాక మరి నోరు రానేదు."

 డేవిడ్‌రాజుకు మద్రాసు గుర్తుకు రాలేదు. మిల్లూ గుర్తుకు రాలేదు.

"అమ్మకైనా సెప్పేవేట్రా? ఆవిడ పోయేముందైనా?"

"నేదన్నా."

 డేవిడ్‌రాజు బండి వ్యాన్ ఎక్కించుకుని వచ్చేశాడు. వెనక నుంచి తమ్ముడు రెండుసార్లు అన్నా అని పిలిచాడు. వినపడింది.

తర్వాత ఫోన్లు వచ్చాయి. ఎత్తలేదు. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక వెళ్తానని రూబీతో అన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం డయాలసిస్ మంచం మీదే ఇమ్మానుయేలు గుండె ఆగిపోయింది.

అతని కోరిక ప్రకారం నెల్లిమర్ల తీసుకొచ్చి, దేవమణి సమాధి పక్కనే పాతిపెట్టారు. మెర్సీకి ఏమీ తెలియదు. "బండి సూసినాక రోజూ మీ పేరే అన్నారు బావగారూ. అన్న వస్తాడు, తలుపు తీసి ఉంచు అనీవారు," అని చెప్పి ఏడ్చింది. డేవిడ్‌రాజు ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. జెట్ సంగతి చెప్పలేదు. ఇంకెప్పుడూ చెప్పకూడదని రూబీ చేత ఒట్టేయించుకున్నాడు.

నలభై రోజులయ్యాక ఒక ఉదయం అతను ఒక్కడే సమాధుల దగ్గరికి వెళ్లాడు. అమ్మకు అంతా చెప్పేద్దామనే వెళ్లాడు. ఆ తప్పు నాది కాదమ్మా అన్న ఒక్క మాట. అమ్మ సమాధి ముందు మోకాళ్ల మీద కూర్చుని నోరు తెరిచాడు. పక్కన తమ్ముడి మీద కప్పిన మట్టి ఇంకా సరిగ్గా కుదురుకోలేదు. వానకు ఒక మూల జారిపోయి ఉంది.

 ఆ మాట అనకుండానే లేచి, జారిన మట్టిని చేతులతో ఎత్తి సర్ది, అరచేతులతో నొక్కాడు. ఎండ ఎక్కేదాకా అక్కడే ఉండి, ఇంటికి నడిచాడు.